హాంకాంగ్‌లో బస్సు దిగి కొండెక్కడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాంకాంగ్ విస్తీర్ణం 1,100 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులే. అంటే భవనాలు లేవనివ్వకుండా కాపాడుకుంటున్న కొండలు, అడవులు, సముద్రతీరం. 1976లో చట్టం చేసి మరీ వీటిని నిలబెట్టుకున్నారు. మనవాళ్లు ఇంతదూరం వచ్చి డిస్నీల్యాండ్, మాల్స్, రాత్రి లైట్లు చూసి వెళ్లిపోతుంటే నాకు మనసొప్పదు. నేను ఇక్కడే ఉంటాను కాబట్టి చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట రాశాను. బస్సు నంబర్లు, పడవల వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. బయల్దేరే రోజు ఒకసారి చూసుకోండి.

కారు లేకుండా కొండల దాకా వెళ్లగలమా?

కారు లేకపోతేనే మంచిది. ఇక్కడి దారుల్లో చాలావాటికి మొదలు ఒకచోట, చివర ఇంకోచోట. కొండకు ఇవతల బస్సు దిగి, ఎక్కి, దిగి, అవతల ఇంకో బస్సో పడవో పట్టుకుని వచ్చేస్తాం. కారులో వెళ్తే మళ్లీ కారు దగ్గరికే నడవాలి. పైగా సాయ్ కుంగ్ ద్వీపకల్పం వైపు పాక్ తామ్ చుంగ్ గేటు దాటి లోపలికి పర్మిట్ లేని సొంత కార్లను పోనివ్వరు. మామూలు బస్సులు, టాక్సీలు మాత్రం వెళ్తాయి.

మాకు ఒక్క రోజే ఉంది. ఏదో ఒక్క దారి చెప్పండి.

డ్రాగన్స్ బ్యాక్. ఎంటీఆర్ అంటే ఇక్కడి మెట్రో రైలు. అందులో షౌ కెయ్ వాన్ స్టేషన్‌లో దిగి ఏ3 ద్వారం నుంచి బయటికి వస్తే బస్టాండు. అక్కడ 9 నంబరు బస్సెక్కి తో తేయ్ వాన్ స్టాపులో దిగాలి. బస్సే సగం కొండ ఎక్కించేస్తుంది కాబట్టి మనం ఎక్కాల్సింది తక్కువ. కాసేపు మెట్లు, మట్టిదారి ఎక్కాక చెట్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. అక్కడి నుంచి కొండ వెన్ను మీద నడక. ఎడమ చేతివైపు తై తామ్ అఖాతం, కుడివైపు షెక్ ఓ ఊరు, దాని ముందు దక్షిణ చైనా సముద్రం. షెక్ ఓ శిఖరం ఎత్తు 284 మీటర్లే, కానీ రెండు వైపులా నీళ్లు కనిపించడం వల్ల చాలా ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది.

వెన్ను దిగాక చెట్ల నీడలో చాలాసేపు చదునుగా నడిచి, చివర బిగ్ వేవ్ బే బీచ్‌లో తేలతారు. మొత్తం ఎనిమిదిన్నర కిలోమీటర్లు, తాపీగా మూడు గంటలు. బీచ్ ఒడ్డున కొండరాయి మీద మూడు వేల ఏళ్ల నాటి చెక్కడాలున్నాయి. 1970లో వాటిని గుర్తించారు. చాలామంది ఈత కొట్టి వెళ్లిపోతారు గానీ, అయిదు నిమిషాలు పక్కకు నడిచి ఆ రాయి చూసి రండి.

ఆదివారం పొద్దున షౌ కెయ్ వాన్‌లో ఈ బస్సుకు పెద్ద క్యూ ఉంటుంది. ఎనిమిదిలోపు చేరితే మంచిది. వీలైతే మామూలు రోజే వెళ్లండి.

ప్లాన్ ఎలా వేసుకోవాలి?

వెనక నుంచి మొదలుపెట్టండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

అందరూ ముందు దారి ఎంచుకుంటారు, తర్వాత అక్కడికి ఎలా వెళ్లాలో చూసుకుంటారు, తిరిగి రావడం సంగతి చివర్లో గుర్తొస్తుంది. దాన్ని తిరగేయండి. నడక ముగిసే చోట ఏ బస్సు, ఏ పడవ దొరుకుతుంది, ఎంతసేపటికొకటి, ఆఖరుది ఎప్పుడు? ముందు అది కాగితం మీద రాసుకోండి. ఆఖరు బస్సును లెక్కలోకి తీసుకోకండి, దాని ముందు బస్సుకు అందేలా చూసుకోండి. అక్కడి నుంచి నడకకు పట్టే గంటలు తీసేయండి. దారి మొదట్లో బోర్డు మీద రాసిన సమయానికి పిల్లలు, పెద్దలు ఉంటే సగం కలపండి. ఫొటోలకు ఇంకో అరగంట. అప్పుడు ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాలో తేలుతుంది. ఆ వేళకు లేవలేం అనిపిస్తే, ఇంకా చిన్న దారి చూసుకోవాలని అర్థం.

డిసెంబరు, జనవరిలో సాయంత్రం ఆరు ప్రాంతానికే చీకటి పడిపోతుంది. చెట్ల కింద ఇంకా ముందే. ఊళ్లో దీపాలు ధగధగలాడుతుంటాయి కాబట్టి కొండ మీద ఎంత చీకటి ఉంటుందో ఊహకు అందదు.

ఆక్టోపస్ కార్డు తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ అది లేకుండా తిరగడం శుద్ధ దండగ. ఎంటీఆర్, బస్సు, మినీబస్సు, పడవ, కొట్టులో నీళ్ల సీసా, అన్నిటికీ అదే కార్డు. విమానాశ్రయంలోనే తీసుకోండి. డబ్బులిచ్చి బస్సెక్కితే చిల్లర తిరిగి ఇవ్వరు. ఇద్దరికి ఒకే కార్డు పనిచేయదు, మనిషికొకటి ఉండాలి.

మినీబస్సుల గురించి కొంచెం చెప్పాలి. ఆకుపచ్చ కప్పు ఉన్న మినీబస్సులో 16 లేదా 19 సీట్లుంటాయి. నిలబడి ప్రయాణించనివ్వరు. సీట్లు నిండితే డ్రైవరు మధ్య స్టాపుల్లో ఆపకుండానే వెళ్లిపోతాడు. అయిదుగురు కలిసి వెళ్తుంటే మధ్యలో ఎక్కుదామని చూడకండి, బయల్దేరే చోటికే వెళ్లి వరుసలో నిలబడండి. కొన్నింట్లో గంట ఉండదు, దిగేచోటు వస్తోందనగానే "యౌ లొక్" అని వినపడేలా అనాలి. మొహమాటపడితే రెండు స్టాపులు అవతల దింపుతారు.

ఏ నెలల్లో రావాలి?

అక్టోబరు చివర నుంచి డిసెంబరు వరకు. గాలి పొడిగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, దూరపు దీవులు కూడా కనిపిస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చలి. సగటు ఉష్ణోగ్రత 16, 17 డిగ్రీలే అయినా కొండ మీద గాలికి స్వెటర్ కావాలి. మార్చి, ఏప్రిల్‌లో పొగమంచు దిగి కొండంతా తెల్లగా కమ్ముకుపోతుంది, దృశ్యం కోసం వెళ్తే నిరాశే.

పిల్లలకు సెలవులు మే, జూన్‌లోనే. అప్పుడు రాకూడదా?

రావచ్చు. అయితే నడక తీరు మార్చుకోవాలి. ఇక్కడ కొండల ఎత్తు వల్ల ప్రమాదం తక్కువ, వేడి వల్ల ఎక్కువ. మన దగ్గర 43 డిగ్రీలు చూసినవాళ్లు ఇక్కడ 33 అని విని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడి గాలిలో తేమ అంతా ఇంతా కాదు. చెమట పడుతుంది, ఆరదు, ఒళ్లు చల్లబడదు. విశాఖ, కాకినాడ వాళ్లకు ఈ ఉక్కపోత అలవాటే. హైదరాబాద్, నిజామాబాద్ వాళ్లకు మొదటి అరగంటలోనే తల ప్రాణం తోకకొస్తుంది.

అందుకని వేసవిలో నీడ లేని కొండ వెన్నుల జోలికి వెళ్లకండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదికల్లా ముగించండి. హాంకాంగ్ అబ్జర్వేటరీ, అంటే ఇక్కడి వాతావరణ శాఖ వాళ్లు తీవ్ర ఎండ హెచ్చరిక ఇచ్చిన రోజు బీచ్‌కు పోదాం అనుకోండి, కొండకు సెలవు. తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం, ఇవి కనిపిస్తే ఇంకాస్త నడుద్దాం అనొద్దు. నీడలో కూర్చోబెట్టి, బట్టలు తడిపి, విసురుతూ, సాయానికి ఫోన్ చేయండి.

మే, జూన్ నెలల్లో వానలు కూడా జోరుగా పడతాయి. గంటకు 30 మిల్లీమీటర్లు దాటే వాన అయితే అంబర్ హెచ్చరిక, 50 దాటితే ఎరుపు, 70 దాటితే నలుపు. అంబర్ వచ్చినప్పుడే వాగుల పక్కనుంచి తప్పుకోండి. పైన ఎక్కడో పడ్డ వాన నిమిషాల్లో కిందికి దూకుతుంది.

అమ్మానాన్నలు వస్తున్నారు. మోకాళ్ల నొప్పులు. వాళ్లు నడవగలిగేది ఉందా?

విక్టోరియా పీక్ అనే కొండ చుట్టూ వేసిన దారి. నగరం నడిబొడ్డున ఉన్న సెంట్రల్ నుంచి 15 నంబరు డబుల్ డెక్కర్ బస్సు పైదాకా వెళ్తుంది. ట్రామ్ క్యూలో గంటలు నిలబడే కంటే ఈ బస్సు మేలు, పై అంతస్తులో ముందు సీటు దొరికితే దారంతా చూడ్డానికి బాగుంటుంది. పైన లుగార్డ్ రోడ్డు, హార్లెక్ రోడ్డు కలిపి మూడున్నర కిలోమీటర్ల చుట్టు. దాదాపు చదునే, వీల్‌చైర్ కూడా పోతుంది. నగరం, రేవు ఒకవైపు, లామ్మా దీవి ఇంకోవైపు. పెద్ద పెద్ద మర్రిజాతి చెట్ల ఊడలు దారి మీదికి వేలాడుతుంటాయి. మా ఇంటికి వచ్చే పెద్దవాళ్లను నేను ముందు తీసుకెళ్లేది ఇక్కడికే, అదీ పొద్దున్నే, టూరిస్టు బస్సులు రాకముందు.

పెంగ్ చౌ దీవి కూడా చూడొచ్చు. సెంట్రల్ 6వ జెట్టీ నుంచి పడవ. అక్కడ ఎత్తైన ఫింగర్ హిల్ 95 మీటర్లే. ఎక్కలేకపోతే ఊళ్లో సముద్రం పక్కన కూర్చున్నా బాగుంటుంది.

పిల్లలతో ఏ దీవికి వెళ్లాలి?

లామ్మా. సెంట్రల్ 4వ జెట్టీ నుంచి యుంగ్ షూ వాన్‌కు అరగంట పడవ ప్రయాణం. దీవిలో కార్లు లేవు, ఊరి సామాన్లు మోసే చిన్న బండ్లు మాత్రం తిరుగుతాయి, పిల్లల చేయి వదిలేసి నడవొచ్చు. అక్కడి నుంచి దీవికి అవతల ఉన్న సోక్ క్వూ వాన్ దాకా అయిదు కిలోమీటర్ల సిమెంటు దారి, ఫ్యామిలీ ట్రైల్ అంటారు. నడక గంటన్నర. మధ్యలో హుంగ్ షింగ్ యే బీచ్‌లో ఆగితే ఎంతసేపవుతుందో పిల్లల దయ. ఆ బీచ్ పక్కనే కరెంటు కేంద్రం చిమ్నీలు మూడు నిలువుగా కనిపిస్తాయి. దృశ్యం పాడైందని కొందరు మొహం చిట్లిస్తారు గానీ, నగరానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదు.

బీచ్ దాటాక ఎండలో ఒక ఎక్కుడు ఉంటుంది. పైన మంటపంలో కూర్చుని గాలి పీల్చుకోండి. సోక్ క్వూ వాన్‌కు కొంచెం ముందు కొండలోకి తవ్విన గుహలు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం పేలుడు పదార్థాలు నింపిన ఆత్మాహుతి పడవలను దాచడానికి తవ్వించినవి.

ఒక జాగ్రత్త. సోక్ క్వూ వాన్ నుంచి పడవలు యుంగ్ షూ వాన్ కంటే బాగా తక్కువ. ఒకటి తప్పిపోతే చాలాసేపు కూర్చోవాలి. వేళలు ముందే ఫొటో తీసుకుని పెట్టుకోండి. దీవి దక్షిణాన షామ్ వాన్ అనే బీచ్ ఉంది, పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు అక్కడ ఎవరూ అడుగుపెట్టకూడదు. మ్యాపులో దారి కనిపించినా వెళ్లొద్దు.

చియుంగ్ చౌ దీవి ఎలా ఉంటుంది?

బాగుంటుంది, ఆదివారం మాత్రం కిక్కిరిసి ఉంటుంది. సెంట్రల్ 5వ జెట్టీ నుంచి పడవ. ఫాస్ట్ పడవ తొందరగా చేరుస్తుంది గానీ, గంట దాకా పట్టే మామూలు పడవలోనే నిదానంగా వెళ్లండి, దారంతా ఓడలే. సముద్రపు దొంగ చియుంగ్ పో చాయ్ దాక్కున్నాడని చెప్పే ఇరుకు గుహ ఉంది, టార్చి తీసుకెళ్లండి. బుద్ధ జయంతి సమయంలో బన్నుల పండగ జరుగుతుంది, ఆ రోజు నడక కుదరదు.

ఫొటోల్లో కనిపించే ఆ తెల్ల ఇసుక బీచ్‌లు ఎక్కడ?

తై లాంగ్ వాన్. సాయ్ కుంగ్ ద్వీపకల్పానికి తూర్పు అంచున వరసగా నాలుగు బీచ్‌లు: సాయ్ వాన్, హామ్ తిన్, తై వాన్, తుంగ్ వాన్. వాటి వెనక షార్ప్ పీక్ అనే కోసుగా ఉన్న కొండ. హాంకాంగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. ఇక్కడికి రోడ్డు లేదు. అందుకే ఇంకా ఇలా మిగిలింది.

చోయ్ హుంగ్ స్టేషన్ దగ్గర 1ఏ మినీబస్సో, డైమండ్ హిల్ నుంచి 92 నంబరు బస్సో ఎక్కి సాయ్ కుంగ్ ఊరు చేరండి. అక్కడి నుంచి 29ఆర్ మినీబస్సు సాయ్ వాన్ మంటపం దాకా వెళ్తుంది. ఇది రోజుకు కొన్నిసార్లే తిరుగుతుంది, వేళ చూసుకోకుండా వెళ్లొద్దు. మంటపం నుంచి సాయ్ వాన్ బీచ్‌కు గంట లోపే, దారి సిమెంటుది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మీరు ఆగకండి. ఇంకో చిన్న కొండ ఎక్కి దిగితే హామ్ తిన్ వస్తుంది. కొండ మలుపు దగ్గర రెండు బీచ్‌లూ ఒకేసారి కనిపిస్తాయి, ఒకటి వెనక, ఒకటి ముందు.

హామ్ తిన్‌లో వాగు సముద్రంలో కలిసే చోట పలకలతో వేసిన సన్నటి చెక్క వంతెన ఉంటుంది. ఒకరు వస్తుంటే ఇంకొకరు ఆగాలి. అది దాటితే రెండు మూడు చిన్న హోటళ్లు, నూడుల్స్, వేయించిన అన్నం, చల్లటి డ్రింకులు. ఇసుకలో ఎర్రటి ఆవులు పడుకుని నెమరు వేస్తుంటాయి. ఒకప్పుడు వ్యవసాయం మానేసిన రైతులు వదిలేసిన పశువుల సంతతి అవి. ఎవరి జోలికీ రావు, కానీ సంచిలో అరటిపళ్ల వాసన వస్తే మూతి పెట్టి చూస్తాయి. సంచి ఇసుక మీద పెట్టి ఈతకు వెళ్లకండి.

ఈత విషయంలో ఇక్కడ నేను కచ్చితంగా చెప్తాను. ఈ బీచ్‌ల్లో లైఫ్‌గార్డులు లేరు, అలల లాగుడు బలంగా ఉంటుంది. మోకాళ్ల లోతు వరకు చాలు.

తిరుగు ప్రయాణానికి హామ్ తిన్ నుంచి కొండ దాటి చెక్ కెంగ్ అనే పాత పల్లె మీదుగా పాక్ తామ్ ఔ చేరాలి. రెండు, రెండున్నర గంటలు. ఆఖర్న అరగంట ఎక్కుడు, అలసిపోయిన కాళ్లకు అదే కష్టం. పాక్ తామ్ ఔలో 94 నంబరు బస్సు సాయ్ కుంగ్ తీసుకెళ్తుంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో 96ఆర్ నేరుగా డైమండ్ హిల్ దాకా వెళ్తుంది. మీరు నడిచిన ఈ దారిలో ఎక్కువ భాగం మెక్లహోస్ ట్రైల్‌లో రెండో సెక్షన్‌దే. అప్పటి గవర్నరు పేరు పెట్టి 1979లో తెరిచిన ఆ దారి మొత్తం 100 కిలోమీటర్లు, పది సెక్షన్లు.

ఆరు పలకల రాతి స్తంభాలు చూడాలంటే?

హై ఐలాండ్ రిజర్వాయరు తూర్పు ఆనకట్ట. 14 కోట్ల ఏళ్ల కిందట పేలిన అగ్నిపర్వతం బూడిద నిదానంగా చల్లారుతూ నిలువుగా పగిలి ఇలా స్తంభాలైంది. ఇదంతా యునెస్కో జియోపార్కు. ఆనకట్ట సంగతి కూడా తెలుసుకోవాల్సిందే. దీవికీ నేలకూ మధ్య ఉన్న సముద్రపు పాయను రెండు వైపులా కట్ట వేసి మూసి, ఉప్పునీళ్లు తోడేసి, మంచినీటి చెరువు చేశారు. 1978లో పూర్తయింది. కట్టకు ఒకవైపు మంచినీళ్లు, రెండో వైపు సముద్రం.

సెలవు రోజుల్లో పాక్ తామ్ చుంగ్ నుంచి 9ఏ మినీబస్సు ఆనకట్ట దాకా వెళ్తుంది. మిగతా రోజుల్లో టాక్సీ, లేదంటే నడక. ఈ నడక రోడ్డు మీదే, ఎండలో విసుగు పుట్టిస్తుంది. రానుపోను రెండూ నడవొద్దు.

పెద్ద బుద్ధుడి దగ్గర కొండ ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు, కానీ ఇది తేలిక కాదు. లాంటౌ దీవిలోని లాంటౌ శిఖరం 934 మీటర్లు, హాంకాంగ్‌లో రెండో ఎత్తైనది. తుంగ్ చుంగ్ నుంచి 3ఎం బస్సెక్కి పాక్ కుంగ్ ఔలో దిగితే అక్కడే దారి మొదలు. బుద్ధ విగ్రహం ఉన్న నాంగ్ పింగ్ దాకా నాలుగున్నర కిలోమీటర్లు. దూరం చిన్నదని మోసపోవద్దు, అంతా రాతిమెట్లే, ఒక్కోటి మోకాలెత్తు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు తొడలు వణుకుతాయి. మబ్బు దిగితే పైన ఏమీ కనపడదు, గాలి మనిషిని నెట్టేస్తుంది. తేట రోజున మాత్రం దక్షిణాన దీవులన్నీ కాళ్ల కింద ఉంటాయి.

దిగాక పో లిన్ ఆశ్రమంలో శాకాహార భోజనం దొరుకుతుంది. 1993లో ప్రతిష్ఠించిన 34 మీటర్ల విగ్రహం దగ్గరికి ఇంకో 268 మెట్లు. తిరిగి తుంగ్ చుంగ్‌కు 23 నంబరు బస్సు.

ఎత్తు వద్దు, సముద్రం పక్కనే నడవాలని ఉంది.

తుంగ్ చుంగ్ నుంచి తై ఓ. సుమారు 15 కిలోమీటర్లు, చాలావరకు చదును, చిన్న చిన్న పల్లెల గుండా వెళ్తుంది. మొదటి సగం విమానాశ్రయం ఎదురుగానే, విమానాల చప్పుడు ఉంటుంది. పిల్లలకు అదే పండగ. సా లో వాన్, షామ్ వాట్ దాటాక నిశ్శబ్దం. తై ఓలో నీళ్ల మీద కర్రలు పాతి కట్టుకున్న జాలర్ల ఇళ్లు, వీధంతా ఎండుచేపలు, ఎండలో ఆరబెట్టిన రొయ్యల ముద్ద వాసన. తీరప్రాంతపు మనవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. తిరిగి రావడానికి 11 నంబరు బస్సు. ఆదివారం సాయంత్రం దానికి పెద్ద వరస ఉంటుంది, నాలుగు లోపే స్టాపు చేరండి.

తిండి, నీళ్లు?

చల్లని రోజుల్లో మనిషికి లీటరున్నర, వేడి రోజుల్లో కనీసం రెండున్నర లీటర్లు. దారి మధ్యలో కొట్లు ఉండవని అనుకునే బయల్దేరండి. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఇక్కడ ప్రతి కొట్లో పొకారీ స్వెట్ అనే ఉప్పు, చక్కెర కలిసిన డ్రింకు కూడా దొరుకుతుంది.

శాకాహారులకు పల్లెల్లో ఇబ్బందే. కూరగాయల నూడుల్స్ అని చెప్పినా పులుసులో మాంసపు రసం ఉండొచ్చు. పులిహోర కట్టుకెళ్లడమే నా సలహా. చింతపండు పులిహోర మధ్యాహ్నం దాకా చెడిపోదు, ఉప్పు ఉంటుంది, చెంచాతో తినేయొచ్చు. పెరుగన్నం మాత్రం ఇక్కడి వేడిలో పులిసిపోతుంది, వద్దు.

చెత్త ఎవరిది వాళ్లే మోసుకురావాలి. కంట్రీ పార్కు దారుల్లో చెత్తబుట్టలు 2017 నాటికే తీసేశారు. పారేస్తే 3,000 హాంకాంగ్ డాలర్ల జరిమానా. పళ్ల తొక్కలు కూడా చెత్తే, కోతులు, పందులు వాటికి మరిగి దారి మీదికి వస్తాయి.

ఎలాంటి బూట్లు?

అడుగున పట్టు బాగా ఉన్న మామూలు స్పోర్ట్స్ షూ చాలు. ఇక్కడ రాయి పైన మెత్తటి ఇసుకలాంటి పొడి ఉంటుంది, అరిగిపోయిన బూట్లు జర్రున జారతాయి. పెద్ద పెద్ద లెదర్ బూట్లు కొనాల్సిన పని లేదు. మోకాళ్లు బలహీనమైతే చేతికర్ర తెచ్చుకోండి, సిమెంటు మెట్లు దిగడం అంత తేలిక కాదు.

పాములు, కోతులు, అడవి పందులు?

పాములున్నాయి. పచ్చటి వెదురు పింజరి విషపుది, ఆకుల్లో కలిసిపోతుంది. అందుకే చూడకుండా కొమ్మ పట్టుకోవద్దు, రాతి సందుల్లో చేయి పెట్టొద్దు. కోతుల ముందు ప్లాస్టిక్ కవరు తీయకండి, ఆ చప్పుడుకే వస్తాయి. కోతికి ఒక పండు పెట్టడం మనకు పుణ్యం. ఇక్కడ నేరం. 2024 ఆగస్టు నుంచి అడవి జంతువులకు తిండి పెడితే అక్కడికక్కడే 5,000 డాలర్ల జరిమానా, కోర్టుకు వెళ్తే లక్ష దాకా, ఏడాది జైలు కూడా పడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

తుఫాను వస్తే?

అబ్జర్వేటరీ వాళ్ల మైఅబ్జర్వేటరీ యాప్ ఫోన్లో పెట్టుకోండి. తుఫాను హెచ్చరికలకు నంబర్లుంటాయి. 1వ నంబరు అంటే తుఫాను దూరంగా ఉంది, కనిపెట్టి ఉండండి. 3 వేస్తే దీవులకు, తీరానికి వెళ్లొద్దు. 8 వేశారంటే ఊరు మూతపడుతుంది, పడవలు, బస్సులు ఒక్కొక్కటే ఆగిపోతాయి, మీరు దీవిలో ఉంటే దీవిలోనే ఉండిపోతారు. అందుకే 3 ఉన్నప్పుడే తిరిగి వచ్చేయాలి. తుఫాను వెళ్లిపోయాక కూడా రెండు రోజులు ఆగండి, కొండచరియలు వదులుగా ఉంటాయి.

దారి తప్పితే, దెబ్బ తగిలితే?

999కి ఫోన్ చేయండి. మీ నెట్‌వర్క్ అందకపోతే 112 ప్రయత్నించండి, వేరే కంపెనీ టవరు ఉంటే కలుస్తుంది. పెద్ద ట్రైల్స్‌లో ప్రతి 500 మీటర్లకు ఒక పొట్టి స్తంభం పాతి ఉంటుంది. దాని మీద అక్షరం, అంకెలు ఉంటాయి. ఎం అంటే మెక్లహోస్, హెచ్ అంటే హాంకాంగ్ ట్రైల్, ఎల్ అంటే లాంటౌ. ఎక్కడున్నారని అడిగితే ఆ నంబరు చదివితే చాలు, మీ చోటు వాళ్లకు తెలిసిపోతుంది. ప్రతి స్తంభం దాటేటప్పుడు ఫొటో తీయడం అలవాటు చేసుకోండి. అవసరమైతే ప్రభుత్వ హెలికాప్టరు వస్తుంది.

అమ్మాయి ఒక్కతే వెళ్లొచ్చా?

డ్రాగన్స్ బ్యాక్, లామ్మా, పీక్ దారుల్లో నిశ్చింతగా వెళ్లొచ్చు. అమ్మాయిలు ఒంటరిగా నడవడం ఇక్కడ మామూలే. తై లాంగ్ వాన్, లాంటౌ శిఖరం మాత్రం మగైనా ఆడైనా తోడు లేకుండా వద్దు, కాలు మడతపడితే సాయం అందడానికి సమయం పడుతుంది. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒకరికి మెసేజ్ పెట్టి బయల్దేరండి.

వీసా?

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బయల్దేరక ముందే ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అది వస్తే ఒకసారికి 14 రోజుల వరకు ఉండొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చేయండి, డబ్బు అడిగే సైట్లు వేరేవాళ్లవి.

బీచ్‌లో టెంట్ వేసుకోవచ్చా?

కంట్రీ పార్కుల్లో కేటాయించిన క్యాంపు స్థలాల్లోనే వేసుకోవాలి. నిప్పు రాజేయడం కూడా బార్బెక్యూ గుంటలున్న చోటే. అక్టోబరు ప్రాంతంలో వచ్చే చుంగ్ యెంగ్ పండగకు, ఏప్రిల్‌లో చింగ్ మింగ్‌కు ఇక్కడివాళ్లు కొండల మీది సమాధుల దగ్గరికి వెళ్లి అగరుబత్తులు, కాగితాలు కాలుస్తారు. ఎండుగడ్డి అంటుకుని కొండలు కాలడం ఆ రోజుల్లోనే ఎక్కువ.

చెమటతో తడిసిపోయి బస్సెక్కడం ఇబ్బందిగా ఉంటుంది. స్నానం చేసే వీలుందా?

ఉంది. బిగ్ వేవ్ బే, షెక్ ఓ, హుంగ్ షింగ్ యే లాంటి ప్రభుత్వ బీచ్‌లలో ఉచిత షవర్లు, బట్టలు మార్చుకునే గదులున్నాయి. ఒక జత బట్టలు, పలచటి తువ్వాలు కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టుకోండి. పొడి చొక్కా కూడా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇక్కడి బస్సుల్లో ఏసీ చాలా చల్లగా పెడతారు. తడి బట్టలతో గంటసేపు కూర్చుంటే జలుబు ఖాయం.